సగం కాలిన ‘ఇనుప పక్షి’

మరిపెడకు దగ్గర్లో ఒక ఊరి బడి. ఒంటిపూట బడి అయిపోయి పిల్లలంతా వెళ్లిపోయారు. ఎనిమిదో తరగతి మల్లిక వాళ్ల అమ్మ వచ్చి, తెలుగు టీచర్ నీరజతో గొడవ మొదలుపెట్టి అప్పటికే పది నిమిషాలైంది.

"కొట్టెయ్యమంటాన గద మేడం! ఇంకెన్నిసార్లు జెప్పాలె? మల్లిక పేరు గా కథల పుస్తకాలిచ్చే నోటుబుక్కులకెల్లి కొట్టెయ్యుండ్రి."

"ముందుగల్ల కూసో అక్కా. కూసోని చెప్పు."

"కూసునే టైం లేదు. గిదో మీ పుస్తకం. గిది తీస్కోని నా బిడ్డ పేరు తియ్యుండ్రి. గంతే."

"ఇది... ఇదేంది? సగమే ఉన్నది!"

"సగమే ఉన్నది."

"అంచులన్ని నల్లగైనయి. ఎవలు కాల్చిన్రు?"

"వాళ్ల నాయిన. పొయ్యిల వెట్టిండు. నేను గుంజేటాలకు సగం పోయింది."

"పొయ్యిలనా? బడి పుస్తకాన్ని పొయ్యిల వెడ్తడా ఎల్లస్వామన్న? ఏమన్న తెలివుండి చేసిన పనేనా?"

"మా ఆయిన తెలివి సంగతి మీకెందుకు? మీరు పుస్తకం ఇయ్యకుంటే ఆయిన పొయ్యిల వెడ్తుండెనా?"

"ఓహో! ఇచ్చిన నాది తప్పు, కాల్చినోడు మంచోడు."

"అవు, మీదే తప్పు. పన్నెండు బస్తాల మిరుపకాయ కల్లంల ఆరవోసినం మేడం. ఎర్రగ, నిగనిగ ఉండె. శుక్రారం వానకు నాని నాని తెల్లగ తాలైంది. మానుకోట మార్కెట్‌కు కొంటవోతే చేత్తోని గూడ ముట్టలే ఎవ్వలు. ముక్కు మూసుకోని అవుతలకు నడిసిన్రు."

"వాన పడితే పుస్తకం ఏం జేసింది?"

"కల్లం కాడ కావలున్న మనిషి పుస్తకంల తలకాయ వెట్టి కూసుంటే పట్టా ఎవలు కప్పుతరు? మీరొచ్చి కప్పుతరా?"

"కావలి మల్లిక ఉన్నదా?"

"...చేతిల పుస్తకం దానిదే గద."

"పదమూడేండ్ల పిల్లను పన్నెండు బస్తాల కాయకు కావలి వెట్టి, వాన పడ్డదని పిల్లను తిడ్తరా? మీరందరు ఏడవోయిన్రు?"

"మా ఇంటి పంచాయితి మీరు చెయ్యకుండ్రి. పేరు కొట్టెయ్యుండ్రి."

"కొట్టెయ్య."

"ఏంది?"

"కొట్టెయ్య అంటాన. ఈ బీరువా చూసినవా? నేను ఈ బడికి రాకముందు ఎన్నేండ్ల సంది తెరవలేదో తెల్సా? పుస్తకాలిస్తే పోతయి, పోతే నా మెడకు సుట్టుకుంటది అని హెడ్మాస్టర్ రాంచందర్ సార్ తాళంచెవి జేబుల వేస్కోని తిరుగుతుండె. తెరిస్తే లోపల చెదలు, బల్లులు, ముట్టని పుస్తకాలు. ఆరు నెలలు కొట్లాడిన నేను. ఆకర్కి తాళంచెవి ఇచ్చి ఏమన్నడు? ఒక్క పుస్తకం పోయినా మల్ల తాళమే అన్నడు. ఇప్పుడేమైంది? ఇచ్చిన మొదటి విడతలనే ఒకటి పొయ్యిల పడ్డది! ఆయినకు ఏం మొఖం పెట్టుకోని చెప్పాలె నేను?"

"అబ్బో, మీకు మీ తాళంచెవి రంది. నాకు నా బిడ్డ రంది."

"ముప్పై మంది పిల్లలున్నరు ఆ పుస్తకం ఎనుక. మల్లిక తర్వాత మిథున్‌కు ఇయ్యాలె. రోజు వచ్చి అడుగుతాండు. ఏం జెప్పాలె వానికి? మల్లిక వాళ్లింట్ల అన్నం వండుకున్నరు దాంతోని అని చెప్పాల్నా?"

"చెప్పుకోండ్రి. గా గోడ మీద కాయితం గూడ చింపుండ్రి. ‘నాకు ఎంతో ఇష్టమైన పది సాహస నవలలు. మీరూ చదవండి. మీ నీరజ మేడం.’ పువ్వులు, రంగులు! పిల్లలకు ఆశ వెట్టుడు గాకపోతే ఏంది గిది?"

"గంత దూరం కెల్లి తడుముకోకుంట చదివినవ్ అక్కా."

"చదువొస్తే తప్పా?"

"తప్పని నేనెక్కడన్న?"

"తప్పులెన్నే పని మీకొద్దు. నేను గొడవకు రాలే మేడం."

"ఇది గొడవ గాదా?"

"ఒక్క మాట కోసం వచ్చిన. ఆయిన ఒట్టు వెట్టుకున్నడు. ఇగ మల్ల పుస్తకం ఇయ్యనని మేడం నోటితోని చెప్తేనే పిల్ల బడికి పోతది, లేకపోతే రేపటి సంది కూలోల్లెంట కాయ ఏరుడుకు తోలుత అన్నడు. మీరు ఒక్క ఫోను చేసి చెప్పుండ్రి. ఇయ్య అనుండ్రి. గా కాయితం చింపిన అనుండ్రి. అయిపాయె."

"అందుకా పిల్ల రెండు దినాల సంది వస్తలేదు? జ్వరమొచ్చిందనుకున్న నేను. కొట్టిండా?"

"ముందుగల్ల ఫోను చెయ్యుండ్రి మేడం."

"అక్కా, నిన్నే అడుగుతాన. కొట్టిండా?"

"కొట్టక ముద్దు వెట్టుకుంటడా? ఏడాది కష్టం బురదల కలిసింది."

"ఎట్ల కొట్టిండు?"

"గివన్ని మీకెందుకు? ఫోను చేస్తరా, చెయ్యరా?"

"చెయ్య. ఇంటికే వస్త. ఎల్లస్వామన్న ముందల కూసోని అడుగుత. ఎనిమిదో తరగతి పిల్లను బడి మాన్పిచ్చి కాయ ఏరవెట్టుడు ఏం న్యాయమో అడుగుత."

"వద్దు. ఇంటికి రావద్దు."

"ఎందుకొద్దు?"

"వద్దంటాన గద. మా అత్త ఉంటది. చిలుకమ్మ నోటికి ఊరే జడుస్తది. మీరు రావద్దు."

"చిలుకమ్మకు నేను జడవ."

"మీరు జడవరు. నేను జడుస్త. వద్దు మేడం, కాళ్లు మొక్కుత, ఇంటికొక్కటి రావద్దు."

"ఏంది అక్కా గిది? బిడ్డ చదువు ఆగుతాందని నువ్వే అంటవ్, వచ్చి మాట్లాడుత అంటే నువ్వే వద్దంటవ్. అత్త మీది కోపం దుత్త మీద తీసినట్టు, మీ కాయ మీది కోపం నా పుస్తకం మీద తీస్తాన్రు. ఎసొంటి పుస్తకమో తెల్సా అది? పిల్లల్ని చెడగొట్టే పుస్తకమైతే నేనిస్తనా? నాకు పానం లెక్క ఆ పుస్తకం."

"అట్లనా?"

"అట్లనే. ఎంత ధైర్యం వస్తదో పిల్లలకు అది చదివితే! ఆ రాజకుమారుడు ఇనుప పక్షి మీద కూసోని ఏడు గుట్టలు దాటుకుంట పోతాంటే..."

"ఎవలు?"

"ఏంది?"

"ఇనుప పక్షి మీద కూసున్నది ఎవలన్నరు?"

"రాజకుమారుడు. గా అట్ట మీద బొమ్మ లేదా, తలపాగా సుట్టుకోని..."

"రాజకుమారుడు లేడు దాంట్ల."

"లేకపోవుడేంది?"

"లేడు. గా తలపాగా చుట్టుకున్నది పిల్ల. గొర్లు కాసే పిల్ల. చుక్కి దాని పేరు. గొర్లకాడ ఎండకు సుట్టుకుంటది తలపాగా. మొదటి పేజీల్నే ఉన్నది."

"అదే... చుక్కి. అవు. మర్చిపోయిన. శాన దినాలైంది గద చదివి."

"పానం లెక్కన్నరు?"

"పేర్లు మర్చిపోతం అక్కా. కథ యాదుంటది."

"కథ చెప్పుండ్రి మరి. చుక్కి ఎందుకు పోయింది రాగికోటకు?"

"...రాక్షసుణ్ణి చంపేటందుకు."

"రాక్షసుడు గూడ లేడు. వాళ్ల ఊరి వాగును ఎత్తుకపోయిన్రు. వాగు కోసం పోయింది. మేడం, మీరు గీ పుస్తకం చదివిన్రా?"

"గిప్పుడు నాకు పరీక్ష పెడ్తానవా నువ్వు?"

"చదివిన్రా, లేదా?"

"టీచర్‌ను నేనా, నువ్వా?"

"గది గాదు నేను అడిగింది."

"...లేదు."

"ఏంది?"

"చదవలే. ఇనుప పక్షి చదవలే నేను."

"మిగిలినయి? గోడ మీద పది ఉన్నయి గద?"

"ఒక్కటి గూడ చదవలే. టీచర్ల గ్రూపుల ఎవలో పంపిన్రు ఫోనుకు. పిల్లలకు ఈ పది చదివిపియ్యుండ్రి అని. చూసి రాసిన. అందుల మన బీరువాల ఉన్నది గిదొక్కటే."

"మరి ఎంతో ఇష్టమైన అని ఎందుకు రాసిన్రు?"

"నాకిష్టం అంటెనే వాళ్లు ముట్టుకుంటరని. నేను చదవలే మీరు చదువుండ్రి అంటే ఎవడు వింటడు?"

"చెప్పేటివి శ్రీరంగ నీతులన్నట్టు! పువ్వులు గూడ గీసిన్రు కదా మేడం! మీరు మొదటి పేజి తెరవని పుస్తకం కోసం నా బిడ్డ వీపు వాసింది!"

"అనకు! ఆ మాటనకు! నాకెవలిచ్చిన్రు పుస్తకం? జనగామల మా బడిల గూడ గిసొంటి బీరువే, గిసొంటి తాళమే. కథల పుస్తకం పట్టుకుంటే టైం ఖరాబ్ అన్నరు. గైడ్లు చదువు, బిట్లు బట్టీ పట్టు అన్నరు. పట్టిన. నౌకరి వచ్చింది. ముప్పై ఐదేండ్లొచ్చినయి, ఒక్క నవల ఆకరి దాక చదవలే నేను. తెల్సా నీకు? పిల్లలన్న చదువాలె అనుకున్న. గది గూడ తప్పేనా?"

"అబద్ధం తప్పు."

"అవు, తప్పు. ఒప్పుకుంటాన. నా సంగతి అయిపోయింది. ఇప్పుడు నీ సంగతి చెప్పు."

"నాదేమున్నది?"

"దాంట్ల రాజకుమారుడు లేడని నీకెట్ల తెల్సు?"

"బిడ్డ చెప్పింది."

"ఎప్పుడు?"

"ఎప్పుడో. గిన్నెలు తోముకుంట చెప్తది. దానికి నోరూకుంటదా?"

"రాగికోట గూడ చెప్పిందా?"

"చెప్పింది. కోట తలుపు ఒక ముసలామె పట్టుకోని నిలవడి ఉంటది. ఆమె పట్టుకున్నంత సేపే లోపలోల్లు బయటికి రావొచ్చు. ఇడిస్తే తలుపు మూసుకపోతది, ఇగ తెరుసుకోదు. ఆమె మాత్రం ఎటు పోవద్దు. ఎన్నేండ్ల సంది నిలవడ్డదో ఆమెకే తెల్వది. చేతులు తిమ్మిరెక్కినయి. చుక్కి ఇంక లోపల్నే ఉన్నది..."

"అక్కా."

"ఏంది?"

"మల్లిక కథల ఇంక గొర్ల మంద కాడనే ఉన్నది. నలభై పేజీలు గూడ కాలే అన్నది నాతోని."

"ఎప్పుడన్నది?"

"శుక్రారం. గంట కొట్టినంక కథలు చదివేటోల్లను ఏడుగురిని ఆపిన నేను. అందరు పుస్తకాలు తీసిన్రు, ఇది ఉత్త చేతులతోని కూసున్నది. ఏమైందే అంటే ఇంట్ల మర్చిపోయిన మేడం అన్నది. ఎంత దాక చదివినవ్ అంటే..."

"శుక్రారం గాదేమో. గురువారమేమో."

"శుక్రారమే. వాన పడ్డది. రేకుల మీద ఆ సప్పుడుకు నా మాట నాకే ఇనరాలే. పిల్లలు కేకలు పెట్టిన్రు. అక్కా, మీ కల్లంల కాయ తడిసింది శుక్రారం వానకే గద? ఆ వాన పడేటప్పుడు మల్లిక నా ముందల బల్ల మీద కూసోని ఉన్నది."

"మేడం, ఇడిసిపెట్టుండ్రి గా సంగతి."

"ఎట్ల ఇడిసిపెడ్త? కల్లం కాడ లేని పిల్లను కల్లం కాడ చదువుకుంట కూసున్నట్టు కొడ్తరా? ఎల్లస్వామన్నకు తెల్వదా బడిల ఉన్నదని?"

"ఒంటిపూట బడి గద. పన్నెండున్నరకే ఇంటికొచ్చిందనుకున్నడు. మీరు ఆపిన్రని ఆయినకు తెల్వది."

"నువ్వు చెప్పలేదా? నీకు తెల్సు గద అక్కా? తెల్సి గూడ చెప్పలేదా? పా, చెప్పులు తొడుక్కో. ఇప్పుడే వస్తాన మీ ఇంటికి. పిల్ల నా కాడ ఉన్నదని ఆయిన మొఖం మీదనే చెప్త."

"చెప్తే, మరి కల్లం కాడ ఎవలున్నరని అడుగడా?"

"అడుగనీ! ఎవలున్నరు? చిలుకమ్మనా?"

"అత్త భూపాలపల్లి పోయింది, ఆడిబిడ్డ కాడికి. శనారం వచ్చింది."

"ఎల్లస్వామన్న?"

"మానుకోట పోయిండు, రేటు అర్సుకునేటందుకు."

"అంటే నువ్వే ఉన్నవ్. నిద్ర పట్టిందా? గంతదానికి గింత దాపరికమా? ఆ ఎండకు ఎవలకైన కన్ను మూతబడ్తది. పొద్దంత కాయ తిప్పి తిప్పి అలిసిపోతే..."

"నిద్ర పోలే."

"మరి?"

"నిద్ర పోతే బాగుండు మేడం. నిద్ర అంటే ఆయిన గూడ రెండు తిట్లు తిట్టి ఊకుంటుండె. అత్త గూడ ఊకుంటుండె. పని చేసి పన్నది అంటరు. అలిసినోల్లకు నిద్రొస్తది అంటరు. కల్లంల కాయ పెట్టుకోని కథల పుస్తకం చదివిన ఆడిదాన్ని ఏమంటరు?"

"నువ్వా?"

"నేనే. పుస్తకం అది మర్చిపోలే. దాని సంచిలకెల్లి నేను తీసిన. ఖాళీ బస్తాల కింద దాచుకున్న. బుధారం సంది చదువుతాన. ఆయిన అటు పోంగనే తీసుడు, సప్పుడైతే బస్తాల కింద పెట్టుడు. మల్లికకు తెల్సు. ఎందుకు తీసినవ్ అని ఒక్క మాట అడుగలే. కథల నాకంటే ఎనుకనే ఉండి, నువ్వే చదువు అన్నట్టు ఊకున్నది."

"శుక్రారం..."

"మబ్బు పట్టింది. కండ్లకు కనపడ్డది మేడం, కనపడలే అంటే నా కండ్లు పోతయి. గాలి లేసింది. పట్టా అంచు టపటప కొట్టుకుంటాంది. ఇంకొక్క పేజీ అనుకున్న. ముసలామె చేతులు జారుతానయి, చుక్కి లోపల్నే ఉన్నది. ఇంకొక్క పేజీ. ఇంకొక్కటే. చినుకు వచ్చి అచ్చరం మీద పడ్డంక లేసిన."

"మల్లిక?"

"మీరు ఇడిసిపెట్టంగనే తడుసుకుంట ఉరికొచ్చింది. నేను ఒక్క చేత్తోని పట్టా గుంజుతాన. ఇంకో చేతిల పుస్తకం. ఆ వానల గూడ ఇడిసిపెట్టలే నేను. రెండు చేతులతోని గుంజితే సగం కాయ దక్కుతుండె. అప్పుడే ఆయిన బండి సప్పుడైంది. పిల్ల నా మొఖం చూసింది. నా చేతిల పుస్తకం గుంజుకున్నది. ఆయిన బండి దిగేటాలకు అది దాని చేతిల ఉన్నది."

"నువ్వేమన్నవ్?"

"ఏమన్లే."

"కొడ్తాంటే?"

"పట్టా పట్టుకోని నిలవడ్డ."

"నిలవడ్డవా! నీ కోసం తన్నులు తింటాంటే నోరు తెరవకుంట నిలవడ్డవా? తల్లివేనా నువ్వు?"

"అడుగుండ్రి. ఇంకా అడుగుండ్రి. ఎవలన్న అడిగితే బాగుండని చూస్తాన రెండు దినాల సంది. పిల్లేమో ఏం గానట్టు నా ఎంట తిరుగుతాంది. వీపుకు నూనె రాస్తాంటే ఏమడిగిందో తెల్సా? చుక్కి బయటికొచ్చిందా అమ్మా అని అడిగింది. నాకు తెల్వదు మేడం! గది కాలిన సగంల ఉన్నది. నాకు తెల్వదు! మీకన్న తెలుస్తదేమో, అడుగుదాం అనుకుంట వచ్చిన. మీరేమో తలపాగా చూసి రాజకుమారుడంటిరి! పుస్తకం ఇయ్యకుండ్రి అన్నది పిల్లకు గాదు. మా ఇంటికి మల్ల పుస్తకమొస్తే నేను ఊకోను. నా మీద నాకే నమ్మకం లేదు. అందుకనే పేరు కొట్టెయ్యుండ్రి అన్న."

"నేను రానా అక్కా, నీ ఎంట?"

"వద్దు. మీరు చెప్తే దాన్ని ఇడిపిచ్చినట్టయితది, నిజం నేను దాసుకున్నట్టే ఉంటది. నేనే చెప్త. ఆయిన ముందల, అత్త ముందల చెప్త."

"కొడ్తడేమో."

"కొట్టనీ. నావి నేనే తింట. రేపు పొద్దుగాల మల్లిక బడికొస్తది."

"ఖాయమేనా?"

"ఖాయం. మీరు మాత్రం గా గోడ మీద ‘ఎంతో ఇష్టమైన’ అన్నది కొట్టెయ్యుండ్రి."

"కొట్టేస్త. రేపు పిల్లలకు చెప్త, చదవలేదని. ఈ సగం గూడ నా కాడనే ఉండనీ. రాంచందర్ సార్‌కు నేను చెప్పుకుంట. ఇయ్యాల సంది చదువుత. ఇంకో పుస్తకం ఎక్కడన్న దొరికితే ఆకరి దాక చదివి, చుక్కి సంగతి మీ ఇద్దరికి నేనే చెప్త."

"చెప్పొద్దు. దొరికితే పంపుండ్రి, మేమే చదువుకుంటం."

"మరి మల్లిక పేరు? కొట్టెయ్యాల్నా?"

"ఉండనీయుండ్రి. దాని కింద ఇంకో పేరు రాసుకోండ్రి. లత."

"లతనా? మన బడిల లత ఎవలున్నరు? ఏ క్లాసు?"

"నేనే మేడం. తొమ్మిదో తరగతి కాడ ఆగిన."